యలమంద ముక్కు

దర్శి నుంచి లోపలికి పోయే రోడ్డు మీద, మిరపచేలకీ పత్తిచేలకీ నడుమ ఉన్న ఆ ఊళ్ళో ఎవరి మొహం చూసినా ముందు కళ్ళు కనిపిస్తాయి. యలమంద మొహంలో మాత్రం ముందు ముక్కు కనిపిస్తుంది. మిగతా మొహం దాని వెనకాల తీరిగ్గా నడిచొస్తుంది. దేవుడు అందరికీ ముక్కు ఊపిరి పీల్చుకోడానికి ఇచ్చాడు. ఈయనకి మాత్రం ఊరేగడానికి ఇచ్చాడు.

అబద్ధం ఎందుకాడాలి, ఒకప్పుడు అది నిజంగానే ముక్కు. వయసులో ఉండగా గుంటూరు యార్డుకి మిరపకాయలు తోలే రైతులు ఆయన్ని లారీలో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు. టిక్కీ బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసి, "అడుగున బూజు పట్టింది" అనేవాడు. టిక్కీ బోర్లిస్తే అడుగున బూజు ఉండేది. "పైన నీళ్ళు చల్లారు" అనేవాడు. చల్లినవాడు తల గోక్కునేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నాలుగు మెప్పు మాటలు చెవిన పడ్డ మగాడు ఆగడం ఆ మిరపనేల మీద ఎవరూ చూడలేదు. కొన్నాళ్ళకి అరుగు మీద కూర్చునే పక్కింటి కూరలో ఉప్పెక్కువైందని వాసన పట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఉప్పుకి వాసనేమిటని అడిగే దమ్ము ఎవరికీ లేకపోయింది. భార్య బసవమ్మ ఒక్కతే అడిగింది. "నీకు తెలవదు, నోర్ముయ్" అన్నాడు.

ఊరికి పడమట రాళ్ళదిబ్బ ఉంది. అక్కడ నక్కఉల్లి మొలుస్తుంది. చూడ్డానికి అచ్చం ఉల్లిపాయే. అదే గుండ్రం, అదే పొర మీద పొర. తింటే మాత్రం కడుపులో దేవి, వాంతులై, గుండె తడబడుతుంది. ఒకప్పుడు పత్తి తీయడానికి ఎక్కడినుంచో వచ్చిన కూలీలు దాన్ని ఉల్లిపాయ అనుకుని కూరలో వేసుకున్నారు. అందరినీ ఆటోల్లో ఆస్పత్రికి చేర్చారు. వాళ్ళలో ఒక ముసలాయన తిరిగి రాలేదు. ఆయన చెప్పులు చాలాకాలం పత్తిచేను గట్టు మీదే ఉండిపోయాయి. తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

అలాంటి గడ్డతో ఆ ఊరికి పనేమిటంటే, ఉంది. మిరపనారు పోసిన మడి చుట్టూ నక్కఉల్లి పాతితే ఎలుకలు రావని అక్కడి నమ్మకం. ఎలుకలు దాన్ని చూసి భయపడతాయో, నవ్వుకుంటాయో వాటినే అడగాలి. ఏటా వానలు మొదలయ్యాక దిబ్బెక్కి ఆ గడ్డలు తవ్వి ఇచ్చే పని యలమందది. అడిగినవాడికీ అడగనివాడికీ పాఠం చెప్పేవాడు.

"ఉల్లాకు గొట్టంలా ఉంటదిరా. దీని ఆకు బల్లపరుపు, కత్తిలాగా. ఎండల్లో ఆకు లేకుండానే ఒంటి కాడ మీద పూత పూస్తది, వానకి ఆకు లేస్తది. కోస్తే జిగురు, చేతికి దురద. అవన్నీ సరే, ఆకు లేకుండా ఉత్త గడ్డ చేతికొచ్చిందనుకో, అప్పుడేం చేస్తావ్? అప్పుడు ముక్కు గావాలి! ఉల్లి వాసన లేకపోతే అది ఉల్లి గాదు. వందలో ఒకటి కలిపి పెట్టు, ముక్కుతో ఏరేస్తా."

ఈ చివరి మాటే తరవాత ఆయన మెడకి చుట్టుకుంది.

కరోనా వచ్చినప్పుడు ఊళ్ళో సగం మందికి వాసన పోయింది. కొన్నాళ్ళకి అందరికీ తిరిగొచ్చింది. యలమందకి రాలేదు. ఈ సంగతి ముందు కనిపెట్టింది బసవమ్మ. అటక మీద ఎలుక చచ్చి కుళ్ళి ఇల్లంతా కంపు కొడుతుంటే, సరిగ్గా దాని కింద మంచం వేసుకుని ఈయన హాయిగా గుర్రుపెడుతున్నాడు. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి లేపింది.

"ఏమయ్యో, ఏమన్నా వాసనొస్తందా?"

ఆయన లేచి, కళ్ళు మూసుకుని, గుండె నిండా పీల్చి, "పక్కింట్లో పులిహోర" అన్నాడు.

అప్పుడు ఆవిడ నవ్వలేదు. ఆ తరవాత నవ్విందో లేదో మనకెందుకు. ఆయన మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళిలో పట్టుకున్నాక మళ్ళీ అప్పుడే. "ఎవరికీ చెప్పమాకే" అన్నాడు.

చెప్పలేదు. పైగా ఒక పద్ధతి పెట్టింది. ఎవరైనా గడ్డ పట్టుకొస్తే యలమంద దాన్ని భార్య చేతికిచ్చి, "కాస్త పట్టుకోవే, కళ్ళజోడు తుడుచుకుంటా" అంటాడు. ఆయన అద్దాలు తుడిచేలోగా ఈవిడ వాసన చూసేస్తుంది. ఉల్లి అయితే చెవి గోక్కుంటుంది. విషమైతే ముక్కుపుడక తిప్పుతుంది. అప్పుడాయన గడ్డని తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆకాశంలోకి చూసి, ఒక గుటక మింగి, తీర్పు చెబుతాడు. జనం దండం పెట్టి పోతారు. ఇందుకు బదులుగా రోజూ పొద్దున్నే బసవమ్మకి కాఫీ ఆయన పెట్టివ్వాలి. పొయ్యి ఎటువైపు ఉందో కూడా ఎరగని మనిషి, పరువు కోసం పాలు కాచడం నేర్చుకున్నాడు. పాలు మాడినా ఆయనకి తెలియదు కాబట్టి పొయ్యి దగ్గర కాపలా మళ్ళీ ఈవిడదే.

ఇలా బండి సాఫీగా నడుస్తుండగా శ్రావణమాసంలో చెంచయ్య కొత్తింటి గృహప్రవేశం వచ్చింది.

చెంచయ్య యలమందకి మేనల్లుడి వరస. డాబా మీద డాబా వేశాడు, గేటుకి సింహాలు పెట్టించాడు, ఒక్క రూపాయి దండగ కానివ్వడు. అందుకే గృహప్రవేశమూ మిరపనారు పోయడమూ ఒకే మంచిరోజున పెట్టుకున్నాడు. పంతులుగారిని రెండుసార్లు పిలవక్కర్లేదుగా. నారుమడి చుట్టూ పాతడానికి యలమంద చిన్న చిన్న నక్కఉల్లి గడ్డలు ఏరి బుట్టెడు ముందే తెచ్చిచ్చాడు. ఆ బుట్టని వసారాలో పెట్టారు. పక్కనే దప్పళానికి తెచ్చిన చిన్న ఉల్లిపాయల బుట్ట.

ముందురోజు సాయంత్రం పందిరి వేస్తున్నప్పుడు మగాళ్ళంతా కుర్చీల్లో కూర్చుని ఈయన పాఠం వింటున్నారు. వంటమేస్త్రి కోటి ఊరికే ఉండకుండా, "పిన్నికి కూడా బాగా తెలుసంట గదా బాబాయ్ ఈ గడ్డల సంగతి?" అన్నాడు.

అంతే, యలమంద గుండె జారింది. ఎవరైనా చూశారా ఏం? కంగారులో నోటికేదొస్తే అది అనేశాడు.

"దానికేం తెలుసురా! ఆడదాని ముక్కు ముక్కుపుడక పెట్టుకోడానికే."

పందిరంతా ఘొల్లుమంది. పందిరి గుంజ అవతల మామిడాకులు గుచ్చుతున్న బసవమ్మ కూడా విన్నది. సూదిలోకి దారం మళ్ళీ ఎక్కించుకుంది. ఇంటికెళ్ళాక ఆయన, "ఏదో మాటవరసకి..." అంటుంటే, "సరే" అని అటు తిరిగి పడుకుంది. ఆవిడ తిట్టినప్పుడు యలమంద ఏనాడూ భయపడలేదు. "సరే" అన్నప్పుడు మాత్రం ఒళ్ళు చల్లబడేది.

పొద్దున్నే కొత్తింటి వెనక వంటలు మొదలయ్యాయి. కోటి తెచ్చిన ఆడవాళ్ళు ముందు కందబచ్చలి కోసం కంద తరిగారు. కంద తరిగితే చేతులు దురద పెడతాయి. ఆ చేతులతోనే వసారాలో ఉన్న రెండు బుట్టలూ తెచ్చుకుని, కళ్ళు మండకుండా నీళ్ళ గంగాళంలో పోసుకుని పొట్టు తీశారు. దురద ఎక్కువైంది. "ఏం కందో ఏమో, గోకిందే గోకుతన్నా" అనుకుని చింతపండు నీళ్ళు రాసుకున్నారు తప్ప, ఒక్కరికీ అనుమానం రాలేదు. కంద చేసిన తప్పు కంద మీదే పోయింది, నక్కఉల్లి తప్పు కూడా కంద మీదే పోయింది.

చెంచయ్య కోడలు అనూష నారుమడికి గడ్డలు తీసుకెళ్దామని వసారాలోకి వెళ్ళేసరికి బుట్టలు రెండూ ఖాళీ. వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చి గంగాళం చూసింది. తెల్లగా, నున్నగా, నీళ్ళలో తేలుతున్నాయి, ఏవి ఏవో ఎవరికీ తెలియకుండా. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"మావయ్యా! రెండూ కలిపేశారు! పారబోయించండి ముందు!"

చెంచయ్య పరిగెత్తుకొచ్చాడు. ఉల్లిపాయ ధర విని జనం కొట్టు దగ్గరే కన్నీళ్ళు పెట్టుకుంటున్న రోజులు. ఆయన గంగాళం చూశాడు, పందిట్లో కూర్చున్న జనాన్ని చూశాడు, ఆనక కళ్ళు మెరిశాయి.

"యలమంద మావ ఉండగా పారబోసేదేందమ్మా? వందలో ఒకటి కలిపినా ఏరేస్తానని రాత్రే అన్నాడుగా. ఒరేయ్, కుర్చీ వెయ్యండ్రా మావకి!"

కుర్చీ వేశారు. జనం మూగారు. యలమంద పట్టుపంచె కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చున్నాడు. మెడ మీద చెమట మాత్రం సర్దుకోలేదు. ముక్కున్నవాడికే అది కష్టమైన పని. ఒకే నీళ్ళలో నానినందుకు అన్నిటికీ అదే జిగురు, అన్నిటికీ అదే ఉల్లి వాసన. ఇక ముక్కు లేనివాడి సంగతి చెప్పాలా.

ఎదురుగా ఆడవాళ్ళ మధ్య బసవమ్మ తాంబూలాలు కడుతోంది. ఆయన ఒక గడ్డ తీసి చెయ్యి చాపాడు.

"ఏమే, కాస్త పట్టుకో. కళ్ళజోడు తుడుచుకుంటా."

"నా చేతులకి సున్నముందయ్యా" అంది ఆవిడ, తల ఎత్తకుండా. ఒక క్షణం ఆగి, "అయినా నా ముక్కు దేనికో నిన్న అందరికీ చెప్పావుగా" అంది.

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. యలమందకి నవ్వు రాలేదు. చేసేదిలేక గడ్డని తనే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గాలి వచ్చింది, పోయింది. అందులో ఏమీ లేదు. కళ్ళజోడు పైనుంచి భార్య వైపు చూశాడు. ఆవిడ ముక్కుపుడక తిప్పుతోంది.

బతికిపోయాననుకున్నాడు. "విషం" అని ఎడమవైపు పళ్ళెంలో పడేశాడు. జనం "ఆహా" అన్నారు. రెండోది తీశాడు. ఆవిడ ముక్కుపుడక తిప్పుతూనే ఉంది. "విషం." మూడోది. ఇంకా తిప్పుతోంది. "ఇదీ విషమే." ఎడమ పళ్ళెం నిండిపోయి రెండో పళ్ళెం తెచ్చారు. కుడివైపు పళ్ళెంలో ఈగ కూడా వాలలేదు.

చెంచయ్య మొహం ముడుచుకుంది. "ఇదేంది మావా? అన్నీ నక్కుల్లులే అయితే నేను కొన్న ఉల్లిపాయలు ఏమైనట్టు?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో దగ్గారు. యలమందకి ఆ దగ్గు నడినెత్తి మీద మొట్టినట్టు తగిలింది. చటుక్కున చేతిలో ఉన్న గడ్డని కుడివైపు వేశాడు. "ఇది ఉల్లి!" అన్నాడు, యార్డులో వేలంపాట పాడినట్టు. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ తరవాత చెయ్యి దానంతటదే నడిచింది. రెండు అటు, మూడు ఇటు. లావుగా ఉంటే విషం, సన్నగా ఉంటే ఉల్లి. కాసేపాగి లావుది ఉల్లి, సన్నది విషం. మధ్యమధ్యలో ఆకాశంలోకి చూడ్డం, గుటక మింగడం మాత్రం మానలేదు.

బసవమ్మ ముక్కుపుడక వదిలేసింది. ఆయన వంకే చూస్తోంది. ఆ చూపులో ఇప్పుడు కోపం లేదు. అది ఇంకా అధ్వాన్నం.

గంగాళం ఖాళీ అయింది. కోటి కుడి పళ్ళెంలోవన్నీ బేసిన్‌లో వేసుకుని భుజానికెత్తుకున్నాడు. "ఉండు బాబాయ్, నీ చలవ వల్ల దప్పళం ఇయ్యాల అమృతం అవుద్ది" అని పొయ్యి వైపు నడిచాడు. పందిట్లో అప్పుడే ఆకులు వేస్తున్నారు. మొదటి బంతిలో పిల్లలు కూర్చుని గ్లాసులు మోగిస్తున్నారు.

యలమందకి అప్పుడు, ఎందుకో, పత్తిచేను గట్టు మీద ఆ ముసలి కూలీ చెప్పులు గుర్తొచ్చాయి.

కుర్చీలోంచి లేచాడు. లేచినా నోరు లేవలేదు. నోటితో చెప్పే మాటని కాళ్ళతో చెబుదామనుకుని, పరిగెత్తినట్టు వెళ్ళి కోటికి అడ్డంగా బోర్లా పడ్డాడు. బేసిన్ బురదలో పడుతుంది, పరువు మిగులుతుంది, అదీ ఎత్తు. కానీ కోటి ఇరవై ఊళ్ళ పెళ్ళిళ్ళలో తాగుబోతుల మధ్య సాంబారు గిన్నెలు మోసిన మనిషి. బేసిన్ తల మీదికెత్తి, ఈయన్ని ఒక్క అంగలో దాటేశాడు.

"జాగ్రత్త బాబాయ్! ఏం పర్లేదులే, ఒక్కటి కూడా పోలేదు!"

యలమంద బురదలోంచి తల ఎత్తాడు. మెచ్చుకోలుకి పుట్టిన ఆ ముక్కు నిండా మట్టి.

"వెయ్యొద్దురా! నాకు వాసన తెలవదురా! కరోనా అప్పుడే పోయిందిరా!"

పందిట్లో నవ్వు పేలింది.

"బాబాయ్ పొద్దున్నే ఎక్కించినట్టున్నాడు" అన్నాడు కోటి.

"శుభమా అని ఇల్లు చేరుతుంటే ఇదేం పరాచికం మావా?" చెంచయ్య విసుక్కున్నాడు. "నువ్వు ఒట్టేసి చెప్పినా నమ్మంలే. నీ ముక్కు సంగతి మాకు తెలవదా? కానీరా కోటీ."

అన్నేళ్ళు అబద్ధం చెబితే నోరు తెరిచి విన్నవాళ్ళు, ఒక్క నిజం చెబితే పళ్ళు ఇకిలించారు. కోటి బేసిన్ వంచబోయాడు.

"ఆగరా!"

బసవమ్మ లేచింది. తాంబూలాల పళ్ళెం పక్కన పెట్టి, కొంగు దులుపుకుని వచ్చి, బురదలో కూర్చున్న మొగుడి కళ్ళకి ఆ కొంగే అడ్డంగా బిగించి పట్టుకుంది.

"కోటీ, నీ చెప్పొకటి తీసి ఇయ్యి. పొద్దుట్నించీ పొయ్యికాడ చెమటలో నానిందే కావాలి. అనూషా, నీ జడలో మల్లెపూలు కాస్త తుంచివ్వమ్మా."

చెప్పు కంపు ముందు ఆవిడకే కొట్టింది. మొహం అటు తిప్పుకుని దాన్ని యలమంద ముక్కు కింద పెట్టింది.

"ఇదేందో చెప్పయ్యా."

తన మాట నమ్మించడానికి ఆయన చెయ్యాల్సిందల్లా, తెలియదు అనడం. కానీ ముక్కు పోయినా అలవాటు పోలేదు. జనం చుట్టూ ఉన్నారు, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన గుండె నిండా పీల్చాడు. తల పైకెత్తాడు. గుటక మింగాడు.

"మల్లెపూలు" అన్నాడు.

ఆవిడ కొంగు తీసింది. ముక్కుకి ఆనుకుని కోటి చెప్పు. ఈసారి ఎవరూ వెంటనే నవ్వలేదు. చెంచయ్య బేసిన్ వంక చూశాడు, పిల్లల బంతి వంక చూశాడు, అక్కడే పొయ్యి పక్కన కూలబడ్డాడు. అనూష ఎవరినీ అడగలేదు. బేసిన్ లాక్కుని, పళ్ళేల్లో గడ్డలూ గంగాళంలో నీళ్ళూ కూడా తీయించి, పశువుల నోటికి అందకుండా పెరటి మూల లోతుగా గొయ్యి తవ్వించి పాతించింది. కంద మీద నేరం మోపిన ఆడవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోడానికి బోరింగు దగ్గర బారులు తీరారు. దప్పళంలో ఆ పూట సొరకాయా ములక్కాయా తప్ప మరేం పడలేదు. "ఉల్లిపాయ లేని లోటు తెలుస్తంది" అని ఒక పెద్దమనిషి ఆకులో వేలు పెట్టి అంటుంటే, అనూష ఆయన వంక చూసిన చూపుకి ఆయన మజ్జిగలోకి దిగిపోయాడు.

భోజనాల దగ్గర కోటి వడ్డిస్తూ వచ్చి బసవమ్మ ముందు వంగాడు.

"అయితే పిన్నీ, ఇన్నాళ్ళూ నీ ముక్కేనా?"

"నాకేం తెలుసురా నాయనా" అంది ఆవిడ, పక్క బంతిలో చివర తల దించుకుని కూర్చున్న మనిషికి వినపడేలా. "ఆడదాని ముక్కు ముక్కుపుడక పెట్టుకోడానికే గదా. నెయ్యి ఇంకొంచెం వెయ్యి."

ఇంటికొచ్చే దారిలో ఆయన, మిరపచేను మలుపు దగ్గర మెల్లిగా అన్నాడు.

"ముక్కుపుడక అన్నిసార్లు ఎందుకు తిప్పావే? అన్నీ నక్కుల్లులేనా?"

"కలిసిపోయినాక ఉల్లేంది, నక్కుల్లేంది? మొత్తం పారబోయించమని తిప్పా. నీకు పారబొయ్యమని చెప్పడానికి నోరు రాలా."

"దప్పళంలో పడేలోపు చెప్పానుగా."

"చెప్పావు గనకే కళ్ళకి కొంగు కట్టా" అంది బసవమ్మ. "చెప్పకపోయుంటే ఆ కొంగు నీ మెడకి కట్టేదాన్ని."

ఆయన నడకలో కాస్త వెనకబడి, ఆవిడని ముందు నడవనిచ్చాడు. ఇంతకుముందు ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు.

ఇప్పుడు ఊళ్ళోవాళ్ళు గడ్డలు పట్టుకుని నేరుగా బసవమ్మ దగ్గరికే వస్తారు. ఆవిడ ముట్టుకోదు. "నేను వాసన చూసి చెప్పను. నా ముక్కుకి కూడా రేపు జలుబు చెయ్యొచ్చు. నోట్లో వేసుకుని అసలు చూడమాకండి. ఉల్లిపాయ కావాలంటే కొట్లో కొనుక్కోండి, దిబ్బ మీద దొరికింది పులుసులో వెయ్యమాకండి. నారుమడికి తెచ్చిన బుట్ట వంటింటి గడప తొక్కనియ్యమాకండి" అంటుంది. అంత చప్పటి మాట వినడానికి జనానికి బొత్తిగా సరదా లేదు. దండాలు పెట్టరు. అయినా ఆ ఏడు ఏ ఇంట్లోనూ బుట్టలు కలవలేదు.

సరదా కావాల్సినవాళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడ్డ యలమంద దగ్గరికి వెళ్తారు. కాఫీ పని ఆయనకి తప్పలేదు. పొయ్యి మీద పాల గిన్నె పెట్టి, వీపు దానికి తిప్పి, చేతులూపుకుంటూ చెబుతాడు, ఉల్లాకు గొట్టంలా ఉంటదని, దీనిది బల్లపరుపని, అసలు సంగతంతా ముక్కులో ఉందని. "బాబాయ్, నీ ముక్కు..." అని ఎవరైనా గుర్తుచేస్తే, "నేను పద్ధతి చెప్తన్నారా, ముక్కు ఎవరిదైతే ఏంది?" అంటాడు.

అప్పుడప్పుడు వెనకాల పాలు మాడతాయి. వసారాలో కూర్చున్న బసవమ్మకి వాసన వస్తుంది. ఒకప్పుడైతే పరిగెత్తుకెళ్ళి దించేది. ఇప్పుడు ఆ పాఠం అయ్యేదాకా కూర్చుంటుంది.

ఆ మాడు కాఫీ గ్లాసు ఆయన తెచ్చివ్వగానే ఆవిడ తిరిగి ఆయన చేతికే ఇస్తుంది. ఆయన అదీ, తన గ్లాసూ, రెండూ తాగి, ఆకాశంలోకి చూసి, గుటక మింగి, కమ్మగా ఉందంటాడు.